డబుల్ స్క్వేర్ కాన్వాస్ మీద పొలాలు: వాన్ గో చివరి వారాల పద్ధతిలో ఆయిల్ చిత్రం వేయడం

విన్సెంట్ వాన్ గో 1890 మే 20న పారిస్‌కు ఉత్తరాన ఉన్న ఓవేర్-సుర్-వాజ్ ఊరికి చేరాడు. జులై 29న అక్కడే చనిపోయాడు. ఈ 70 రోజుల్లో 70కి పైగా ఆయిల్ చిత్రాలు వేశాడు. జూన్ సగం దాటాక ఆయన కొత్తగా పట్టుకున్న కొలత ఒకటుంది: 50 × 100 సెంటీమీటర్లు. రెండు చదరాలు పక్కపక్కన పేర్చినట్టుంటుంది కాబట్టి దీన్ని డబుల్ స్క్వేర్ అంటారు. ఈ కొలతలో ఆయన వేసినవి 13. అందులో 12 అడ్డంగా ఉన్న ప్రకృతి దృశ్యాలు. మిగిలిన ఒక్కటి, ఆయన డాక్టరు కూతురు మార్గరీత్ గాషే పియానో ముందు కూర్చున్న చిత్రం, నిలువుగా ఉంటుంది. కాకులు ఎగిరే గోధుమ పొలం, ఉరుము మబ్బుల కింద గోధుమ పొలాలు, చిత్రకారుడు దోబిన్యీ ఇంటి తోట, చెట్ల వేర్లు అన్నీ ఈ కొలతవే.

ఈ పద్ధతి నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎక్కువమంది రెండు పొరపాట్లతో మొదలుపెడతారు. మొదటిది, ఆకాశంలో సుడులు తిప్పడం. ఆ సుడులు 1889 జూన్‌లో దక్షిణ ఫ్రాన్స్‌లోని సాన్-రెమీలో వేసిన నక్షత్రాల రాత్రివి. ఓవేర్ పొలాల్లో స్ట్రోకులు ఎక్కువగా పొట్టిగా, వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. రెండోది, ఊగిపోతూ వేయడం. జులైలో తమ్ముడికి రాసిన ఉత్తరంలో అల్లకల్లోలమైన ఆకాశాల గురించి, ఒంటరితనం గురించి రాసిన మాట నిజమే. పల్లెటూరి ఆరోగ్యాన్ని, అది ఇచ్చే బలాన్ని చూపుతున్నానని అదే ఉత్తరంలో రాశాడు. ఆ రోజుల్లోనే తల్లికి రాస్తూ, ఈ పొలాలు వేయడానికి కావలసిన ప్రశాంతత తనలో కాస్త ఎక్కువే ఉందన్నాడు. చిత్రాలు చూస్తే తల్లికి రాసిందే సరైనదనిపిస్తుంది. రంగులు ముందే కలిపిపెట్టుకుని, వేసిన స్ట్రోకును మళ్లీ ముట్టుకోకుండా వదిలేసిన చేతిపని అది. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి మెట్టూ ఆ పొదుపు కోసమే.

కాన్వాస్

మన ఆర్ట్ షాపుల్లో కాన్వాసులు అంగుళాల లెక్కన అమ్ముతారు. 20 × 40 అంగుళాలు అడగండి, 50.8 × 101.6 సెం.మీ. వస్తుంది. తేడా పట్టించుకోనక్కర్లేదు, కాకుల చిత్రమే 50.5 × 103 సెం.మీ. ఉంది. రెడీమేడ్ దొరకకపోతే చట్రం చేయించుకోండి. మీటరు పొడవున్న చట్రానికి మధ్యలో ఒక అడ్డబద్ద తప్పనిసరి. అది లేకపోతే బట్ట బిగించగానే పొడుగు బద్దలు లోపలికి వంగి, బొమ్మ నడుము సన్నబడుతుంది.

బట్టను 62 × 112 సెం.మీ. కత్తిరించండి. చుట్టూ ఐదారు సెంటీమీటర్ల అంచు ఉంటేనే వెనక్కి మడిచి పిన్నులు కొట్టగలరు. ముందు పొడుగు వైపుల మధ్యలో ఒక్కో పిన్ను, తర్వాత పొట్టి వైపుల మధ్యలో, అక్కడి నుంచి ఎదురెదురుగా మూలల వైపు జరగండి. ఒక వైపంతా ముందే కొట్టేస్తే బట్ట నేత వంకర పోతుంది. ఈ వంకర తర్వాత దిగంతం గీసినప్పుడు బయటపడి విసిగిస్తుంది.

మామూలు కాటన్ కాన్వాసుకు జెస్సో (రంగు వేసే ముందు బట్టకు పూసే తెల్లటి పూత) రెండు పూతలు: మొదటిది నేత వెంట, ఆరాక రెండోది దానికి అడ్డంగా. పదో వంతు నీళ్లు కలిపితే చాలు. పూతల మధ్య 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. చవక కాన్వాసుల మీది జెస్సో రంగులోని నూనెను పీల్చేస్తుంది. స్ట్రోకు సగంలోనే ఆగిపోతుంది, రంగు చచ్చినట్టు మసకబారుతుంది. ముందుగా ఒక మూల కొంచెం రంగు పూసి పది నిమిషాలు ఆగండి. చుట్టూ నూనె మరక వ్యాపిస్తే ఇంకో పూత కావాలి.

ఇంకో మాట: డబుల్ స్క్వేర్ చూడటానికి పెద్దదిగా కనిపిస్తుంది గానీ వైశాల్యం అర చదరపు మీటరే. ఆయన అంతకుముందు ఎక్కువగా వాడిన 30 నంబరు కాన్వాస్, అంటే 92 × 73 సెం.మీ., దీనికంటే పెద్దది. నాలుగో వంతు తక్కువ జాగా నింపితే చాలు కాబట్టి ఒక్క పూటలో పూర్తిచేయడం సాధ్యమే.

రంగులు, ఎంతెంత

5,000 చదరపు సెం.మీ. మీద సగటున అర మిల్లీమీటరు మందం వేస్తే 250 మి.లీ. రంగు పడుతుంది. ప్యాలెట్ మీద వృథా కలిపి 300 అనుకోండి. తెలుపు 165 మి.లీ., నిమ్మ పసుపు 35, కోబాల్ట్ బ్లూ 30, అల్ట్రామెరీన్ 20, విరిడియన్ (నీలి ఛాయ ఆకుపచ్చ) 20, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) 15, గులాబీ 10, నారింజ 5, ప్రష్యన్ బ్లూ 3. చిన్న 9 మి.లీ. ట్యూబుల సెట్టు కొని ఈ పద్ధతిలో దిగితే కాన్వాసులో ఇరవయ్యో వంతు దగ్గరే తెలుపు అయిపోతుంది. ఆ తర్వాత పొదుపు చేస్తూ పలచగా పూస్తారు, బొమ్మ రెండు ముక్కలవుతుంది. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనండి.

ఆయన వాడిన రంగుల్లో కొన్ని ఇప్పుడు వాడకూడదు, ఇంకొన్ని వాడి లాభం లేదు. క్రోమ్ ఎల్లోలో సీసం ఉంది, పైగా వెలుతురుకు గోధుమ రంగు తిరుగుతుంది. దాని బదులు కాడ్మియం లెమన్, లేదా చవకగా హాన్సా పసుపు, ట్యూబు మీద ఉండే రంగు పదార్థం కోడ్ పీవై 3 (PY3). ఆనాటి ఎమరాల్డ్ గ్రీన్‌లో ఆర్సెనిక్ ఉండేది. ఇప్పుడు ఆ పేరుతో దొరికే ట్యూబు వేరే పదార్థం, చాలా ఘాటు. దాన్ని కొనకుండా విరిడియన్‌లో తెలుపు, నిమ్మ పసుపు కలుపుకోండి. సీసం తెలుపు బదులు టైటానియం.

అసలు చిక్కు గులాబీతో. ఆయన జెరేనియం లేక్ అనే ఎరుపును ఇష్టంగా వాడాడు. ఇయోసిన్ అనే అద్దకం రంగుతో చేసేవారు, వెలుతురుకు నిలవదు. మార్గరీత్ గాషే గౌను గులాబీ రంగు అని ఆయనే ఉత్తరంలో రాశాడు. బాజెల్ మ్యూజియంలో ఇప్పుడు చూసేవాళ్లకు అది దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఊదాలు నీలాలైపోవడానికీ ఇదే కారణం: నీలంలో కలిపిన ఎరుపు ఎగిరిపోయింది, నీలం మిగిలింది. అందుకే ఫోటో చూసి రంగులు దించుకుంటే 130 ఏళ్ల వెలుతురు తినేసిన చిత్రాన్ని దించుకున్నట్టే. క్వినాక్రిడోన్ రోజ్, కోడ్ పీవీ 19, తీసుకోండి. అది నిలుస్తుంది. ట్యూబు మీద పేరు కాకుండా కోడ్ చూసి కొనడం అలవాటు చేసుకోవాలి.

ఫోటోకి బదులు ఏది చూడాలి? ఆయన మాటల్ని. జులై 23న తమ్ముడికి రాసిన ఉత్తరంలో దోబిన్యీ తోటను రంగులవారీగా చెప్పాడు: ముందు భాగంలో ఆకుపచ్చ, గులాబీ గడ్డి, ఎడమవైపు ఆకుపచ్చ, లేత ఊదా రంగుల పొద, నడుమ గులాబీల మడి, కుడివైపు గోడ మీదుగా ఊదా ఆకుల హేజెల్ చెట్టు, పసుపు లైమ్ చెట్ల వరుస, వెనక గులాబీ రంగు ఇల్లు, నీలి పెంకులు, పసుపు టోపీ పెట్టుకున్న నల్లటి మనిషి, ముందు నల్ల పిల్లి, లేత ఆకుపచ్చ ఆకాశం. ఈ తోటను ఆయన డబుల్ స్క్వేర్‌లో రెండుసార్లు వేశాడు. హిరోషిమాలో ఉన్న దానిలో పిల్లిని తర్వాత ఎవరో రంగు పూసి కప్పేశారు, మరోదానిలో అది ఇంకా నడుస్తూనే ఉంది.

మీరూ ఇలాగే చేయండి. పొలం గట్టున నిలబడి, బ్రష్ తీయకముందే, ఒక కాగితం మీద ఏడెనిమిది వాక్యాల్లో ఏది ఎక్కడ ఏ రంగో రాయండి. "గడ్డి పచ్చగా ఉంది" అని రాస్తే ఆ వాక్యం పనికిరాదు. పచ్చలో పసుపెంత, దాని పక్కన ఏ రంగు ఉంది అన్నది రాయాలి. రాయలేకపోతే ఇంకా చూడలేదన్నమాట.

కలిపి పెట్టుకోవడం

తల్లికి రాసిన ఉత్తరంలో సముద్రమంత విశాలమైన గోధుమ పొలాలను చెబుతూ రంగులు చదివాడు: లేత పసుపు, లేత ఆకుపచ్చ, దున్నిన నేల లేత ఊదా, అందులో పూతకొచ్చిన బంగాళాదుంప మొక్కల ఆకుపచ్చ చుక్కలు, పైన నీలం, తెలుపు, గులాబీ, ఊదా ఆకాశం. మొదటి చిత్రానికి ఈ జాబితా చాలు. ప్యాలెట్ నైఫ్‌తో కలపండి, బ్రష్‌తో కలిపితే రంగు వెంట్రుకల్ని పట్టుకునే రేకులోకి ఎక్కి సగం అక్కడే ఉండిపోతుంది.

లేత పసుపుకు తెలుపు 3 వంతులు, నిమ్మ పసుపు 1, ఓకర్ చిటికెడు. లేత ఆకుపచ్చకు తెలుపు 3, నిమ్మ పసుపు 1, విరిడియన్ పావు. దున్నిన నేలకు తెలుపు 2, అల్ట్రామెరీన్ 1, గులాబీ అర, మరీ మిఠాయి రంగులా ఉంటే ఓకర్ కొద్దిగా. మొక్కలకు విరిడియన్ 2, పసుపు 1, తెలుపు అర. ఆకాశానికి రెండు నీలాలు: తెలుపు 4 కోబాల్ట్ 1 ఒకటి, తెలుపు 1 కోబాల్ట్ 2 ఇంకొకటి. ఆకాశంలో గులాబీకి తెలుపు 15, గులాబీ 1. క్వినాక్రిడోన్ చాలా ఘాటు, తెల్ల ముద్దలో గింజంత వేసి కలుపుతూ పెంచండి. ఆ గులాబీలో కొంత తీసి లేత నీలంతో కలిపితే ఆకాశపు ఊదా వస్తుంది. ఉరుము మబ్బులు కావాలంటే ముదురు నీలంలో ప్రష్యన్ బ్లూ గోరంత.

బ్రాండ్‌ను బట్టి ఘాటు మారుతుంది కాబట్టి ఈ వంతులు మొదలుపెట్టడానికే. టైటానియం పాత సీసం తెలుపు కంటే బలమైనది, రంగుల్ని సుద్దలా చేస్తుంది. ముద్ద సుద్దగా అనిపిస్తే తెలుపు తగ్గించి, పసుపో గులాబీయో చిటికెడు పెంచితే ప్రాణం వస్తుంది. తడి ముద్దలు నిమ్మకాయంత పరిమాణంలో, ఒకదానికొకటి తగలకుండా, ప్యాలెట్ అంచున వరుసగా పెట్టుకోండి. చివరికి ఏడెనిమిది ముద్దలు ఉండాలి. పని మధ్యలో కొత్త రంగు కలపాల్సి వస్తే మీరు ముందు సరిగ్గా చూడలేదని అర్థం.

నూనె కలపకండి. ఈ మాట రెండుసార్లు చెప్పాల్సినది. అవిసె నూనె కలిపితే ముద్ద జారుతుంది, అంచులు నిలవవు, ఆరాక పైపొర ముడతలు పడుతుంది, ఏళ్లు గడిస్తే పసుపు తిరుగుతుంది. ట్యూబులోంచే నూనె కారుతుంటే ముద్దను అట్ట ముక్క మీద పది నిమిషాలు ఉంచితే ఎక్కువైన నూనెను అట్ట పీల్చుకుంటుంది.

ఎక్కడ ఏం పెట్టాలి

ఒక అట్టలో 10 × 20 సెం.మీ. కిటికీ కోసి, నిలువుగా నడిమికి ఒక దారం కట్టండి. కంటికి 30 సెం.మీ. దూరంలో పట్టుకుని పొలాన్ని చూడండి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లోనూ అంతకుముందూ వాన్ గో ఇలాంటి దారాల చట్రం వాడాడు. కాన్వాసు అంచున 25, 50, 75 సెం.మీ. దగ్గర పెన్సిల్ గుర్తులు పెట్టుకుంటే చూసింది చూసినట్టు దింపవచ్చు.

ఈ కొలతలో ప్రమాదం నడుమ ఉంది. మామూలు కాన్వాసుకు అలవాటైన కన్ను నడిమధ్యలో ఒక చెట్టో ఇల్లో పెట్టేస్తుంది, అటూ ఇటూ రెండు చదరాలు ఖాళీగా మిగులుతాయి. ఆయన దీన్ని ఒక్కోసారి ఒక్కో విధంగా దాటాడు. కాకుల చిత్రంలో మూడు బాటలున్నాయి: రెండు పక్కల నుంచి చెరొకటి, నడుమ ఒకటి. అంచుల్ని కూడా పనిలో పెట్టినట్టయింది. అడవిలో ఇద్దరు మనుషులున్న చిత్రంలో పోప్లార్ చెట్ల ఊదా బోదెలు నిలువు స్తంభాల్లా వెడల్పును ముక్కలు చేస్తాయి. చెట్ల వేర్లలో ఆకాశమూ లేదు, దిగంతమూ లేదు, నడుమా లేదు. ఉరుము మబ్బుల చిత్రంలో అయితే రెండు పట్టీలే: పైన ఆకాశం, కింద నేల. మొదటిసారికి ఇదే తేలిక. దిగంతాన్ని సరిగ్గా 25 సెం.మీ. ఎత్తున కాకుండా రెండు మూడు సెంటీమీటర్లు పైకో కిందికో జరపండి. సరిగ్గా సగాన ఉంటే రెండు బొమ్మలు అతికించినట్టుంటుంది.

వేయడం

టర్పెంటైన్‌తో పలచన చేసిన నీలంతో, సన్నటి బ్రష్‌తో, ముఖ్యమైన గీతలే గీయండి: దిగంతం, పొలాల హద్దులు, బాట. పావుగంట చాలు. నీలం గీతలు తర్వాత ముద్దల మధ్య కనిపించినా ఫర్వాలేదు, చెట్ల వేర్లలో అవి బాహాటంగానే కనిపిస్తాయి.

గట్టి పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు వెడల్పులవి కావాలి: 6, 12, 18 మి.మీ. మెత్తటి సింథటిక్ బ్రష్ ఇంత ముద్దను మోయలేదు. ఒక్కో రంగు కుటుంబానికి ఒక్కో బ్రష్ పెట్టుకుంటే మధ్యలో కడిగే పని తగ్గుతుంది. కడిగిన బ్రష్‌లో టర్పెంటైన్ మిగిలితే తర్వాతి ముద్ద నీరుకారుతుంది.

ముందు ఆకాశం. 18 మి.మీ. బ్రష్‌తో ముదురు నీలం, ఖాళీలు వదులుతూ. ఆ ఖాళీల్లో లేత నీలం, తర్వాత గులాబీ, ఊదా, తెలుపు. దిగంతం గీతకు పైన 3 మి.మీ. జాగా వదిలేయండి. తడి నీలం తడి పసుపును తాకితే అక్కడంతా ఆకుపచ్చ మురికి తేలుతుంది. తర్వాత దూరపు పొలాలు, సన్నటి బ్రష్‌తో, అర సెంటీమీటరు పొడవున్న అడ్డ స్ట్రోకులు. దగ్గరికి వచ్చేకొద్దీ స్ట్రోకులు పొడుగవుతూ నిలువుకు తిరగాలి. కింది అంచు దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు. దూరం భ్రమ ఈ పొడవుల తేడాతోనే వస్తుంది, రంగు మసకబార్చాల్సిన పని లేదు. ప్రతి పొలానికీ ఒకే దిశ ఉంచండి. దున్నిన నేలకు సాళ్ల వెంట, పైరుకు పెరిగే దిశలో.

స్ట్రోకు ఎలా వేయాలో కొంచెం దగ్గరగా చూద్దాం. బ్రష్ కొసను ముద్ద కిందికి తోసి పైకి ఎత్తితే ఒక వైపే రంగు పేరుకుంటుంది. ఆ వైపు కాన్వాసుకు ఆనించి, బ్రష్‌ను బాగా పడుకోబెట్టి, వెంట్రుకలు వంగనంత తేలిగ్గా లాగి, చివర్లో చటుక్కున ఎత్తండి. రెండు పక్కలా సన్నటి గట్లు, చివర చిన్న మొన మిగలాలి. గట్లు రాలేదంటే నొక్కుతున్నారు. కింది రంగు పైకి తేలిందంటే బ్రష్ నిలువుగా పట్టుకున్నారు. తడి రంగు మీద వేస్తున్నప్పుడు ఒక స్ట్రోకు, లేదా రెండు, వెంటనే గుడ్డతో తుడుపు. మూడోది తుడవకుండా వేస్తే అది మీరు కలిపిన రంగుగా ఉండదు. వేసిన స్ట్రోకు నచ్చకపోతే దాని మీద ఇంకోటి వేయకండి, నైఫ్‌తో గీకి మళ్లీ ఒక్కసారి వేయండి.

చివరగా మొక్కల ఆకుపచ్చ చుక్కలు, ఎక్కడో ఒకటి రెండు నారింజ గసగసాల పూలు, హద్దుల దగ్గర ప్రష్యన్ నీలపు తెగిన గీతలు. కాకులు కావాలంటే నీలం కలిసిన నలుపుతో ఒక్కోదానికి రెండు స్ట్రోకులు, అంతే. మొత్తం మూడు గంటల పని. వదిలేసిన సన్నటి తెల్ల జాగాలు కప్పాలని చేయి లాగుతుంది. కప్పకండి, వాటి వల్లే పక్క రంగులు మెరుస్తాయి.

పూర్తికాకపోతే మర్నాడు, రంగు తడిగా ఉండగానే ముగించండి. లేదా పూర్తిగా ఆరాకే ముట్టుకోండి. నాలుగో రోజో ఐదో రోజో, పైన పొర కట్టి లోపల మెత్తగా ఉన్నప్పుడు పైన వేస్తే కొంతకాలానికి పగుళ్లు ఖాయం. నాలుగైదు మిల్లీమీటర్లు దాటిన ముద్దలదీ ఇదే గతి: పైపొర బిగుసుకుని ముడతలు పడుతుంది.

ఆయిల్ బదులు అక్రిలిక్ వాడవచ్చా అంటే, మందం జెల్‌తో తెచ్చుకోవచ్చు గానీ మన ఎండల్లో ఐదు నిమిషాలకే ఆరిపోతుంది. తడి మీద తడి అనే అసలు కిటుకే పోతుంది. స్ట్రోకుల దిశలు సాధన చేయడానికి మాత్రం సరే.

రెండో చిత్రానికి చెట్ల వేర్లు

పొలం కుదిరాక ఇది ప్రయత్నించండి. కాకుల చిత్రమే చివరిదని చాలామంది అనుకుంటారు. ఆయన చివరిగా, తుపాకి గాయమైన జులై 27 ఉదయం కూడా పనిచేసినది చెట్ల వేర్లు. అది పూర్తికాలేదు. ఆయన దిగిన రవూ సత్రానికి దగ్గర్లోని దోబిన్యీ వీధి పక్క మట్టి గట్టే ఆ చోటని 2020లో ఒక పాత పోస్ట్‌కార్డు ఆధారంగా గుర్తించారు. మీకూ అలాంటి గట్టు చాలు: రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగి వేర్లు బయటపడ్డ చోటు, చెరువు కట్ట మీద మర్రి. దగ్గరికి జరిగి, ఆకాశం కనిపించకుండా అట్ట కిటికీ పట్టండి. ఇక్కడ ముందు వేరు, వెనక వేరు తేడా నీలం గీతలు మాత్రమే చెబుతాయి. అందుకని ఈసారి గీతలకే గంట వెచ్చించి, రంగు వాటి మధ్య నింపండి. వేర్లు గోధుమ రంగులో వేస్తే మట్టిలో కలిసిపోతాయి. ఊదా, నీలం, ఓకర్ మార్చి మార్చి వేయాలి.

ఆరబెట్టడం

గాలి ఆడే చోట, నేరుగా ఎండ పడకుండా, నిలువుగా పెట్టండి. కోబాల్ట్ త్వరగా ఆరుతుంది, కాడ్మియం, గులాబీ ఆలస్యం. మందపు ముద్దలకు మూడు వారాలు పైనే, వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వాన్ గో పూర్తిగా ఆరని కాన్వాసుల్ని పేర్చడం వల్ల అణిగిపోయిన ముద్దలు, వాటిలో వేరే కాన్వాసు నేత గుర్తులు ఆయన చిత్రాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వార్నిష్ కావాలంటే ఏడాది ఆగి, మెరుపు లేనిది పలచగా వేయండి.

రంగు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆరే నూనె వేడి పుట్టిస్తుంది, గుట్టగా ఉంటే దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, మూత బిగించిన డబ్బాలో వేసి పారేయండి.